ఐదు నెలలుగా పిల్లిమొగ్గలే, మరి కుస్తీ ఎప్పుడు?

బాన్సువాడ_నాన్న
మావాడికి తొమ్మిదేళ్లు, 27 కిలోలు. జూన్‌లో ఇక్కడి పిల్లల కుస్తీ క్లబ్బులో చేర్పించాను. ఇప్పుడు నవంబర్. ఇన్ని నెలల్లో వాడు నేర్చుకున్నది ముందుకి పిల్లిమొగ్గ, వెనక్కి పిల్లిమొగ్గ, ఎలుగుబంటి నడక, పీత నడక, గోడకుర్చీ. ఒక్క కుస్తీ పట్టలేదు. వాడి ఫ్రెండ్ అదే జూన్‌లో కరాటేలో చేరి పసుపు బెల్టు తెచ్చుకున్నాడు, వాళ్ల నాన్న రోజుకో ఫొటో స్టేటస్ పెడుతున్నాడు. ఇంట్లో నాకు రోజూ క్లాసు.

కోచ్‌ని అడిగితే "ఇంకా మొదటి లెవెల్లో ఉన్నాడు సార్, టైమ్ పడుతుంది" అంటాడు. మొత్తం నాలుగు లెవెళ్లట, గోడ మీద చార్ట్ కూడా అంటించాడు. వీడితో పాటు చేరిన ఇద్దరు రెండో లెవెల్‌కి వెళ్లిపోయారు, వాళ్లలో ఒకడు మావాడి కంటే చిన్నోడు. నెలకి 600 ఫీజు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఇది కుస్తీయా, డ్రిల్ పీరియడా? క్లబ్బు మార్చాలా?

గోబీచెవి
మార్చకండి. పడటం రానివాడికి పడగొట్టడం నేర్పకూడదు.

తాలీం_కాకా
మా రోజుల్లో చార్టులూ లేవు, లెవెళ్లూ లేవు. పాతబస్తీలో మట్టి కుస్తీ నేర్పే మా తాలీంఖానాకి పొద్దున నాలుగున్నరకే వెళ్లాలి. కొత్తగా వచ్చినవాడి చేతికి ఉస్తాద్ పార ఇచ్చేవాడు. గుంట మొత్తం తవ్వి, గడ్డలు చిదిపి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేయాలి. రెండు మూడు నెలలు అదే పని. తర్వాత దండీలు, బస్కీలు. యాభై దండీలు ఆగకుండా తీశాక ఒక రోజు ఉస్తాద్ "దిగరా" అనేవాడు. దిగిన రోజే కుస్తీ. మట్టిలో పడితే మట్టే నేర్పుతుంది. ఈ చార్టులన్నీ ఫీజు కోసం.

పాలకొల్లు_పోరడు
కాకా, మీరు చెప్పినవి కూడా లెవెళ్లే. ఒకటి పార, రెండు దండీలు, మూడు "దిగరా". గోడకి అంటించలేదు, అంతే తేడా.

తాలీం_కాకా
ఒరేయ్, పాలకొల్లులో ఉంటూ పోరడు అని పేరు పెట్టుకున్నవాడివి నువ్వు నాకు చెప్తావా.

పాలకొల్లు_పోరడు
మా ఆవిడది నిజామాబాద్ కాకా. పెళ్లితో పాటు వచ్చింది పేరు.

మ్యాట్_మాస్టర్
పదకొండేళ్లుగా హైదరాబాద్ శివార్లలో పిల్లలకి నేర్పుతున్నాను. బాన్సువాడ సార్, మీ కోచ్ ఎవరో నాకు తెలియదు, కానీ ఆ చార్ట్ వెనకున్న ఆలోచన తెలుసు. కాస్త పొడుగ్గా చెప్తాను.

మొదటి లెవెల్లో నేను చూసేవి మూడే. పడటం, నిలబడటం, కదలడం. పిల్లాడి కాళ్లు ఎవరైనా లాగితే వాడు వెనక్కి పడతాడు. పడేటప్పుడు ప్రతి పిల్లాడూ మొదట చేసే పని చేయి వెనక్కి చాచి నేలకి ఆనించడం. అక్కడే మణికట్టు పోతుంది, మోచెయ్యి పోతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి పడటం శరీరానికి అలవాటు కావాలి. నోటితో చెప్తే రాదు, వందలసార్లు దొర్లితేనే వస్తుంది. మీకు కనిపిస్తున్న పిల్లిమొగ్గలు అందుకే.

నిలబడటం అంటే స్టాన్స్. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా, తల పైకి, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా. కదలడం అంటే ఆ స్టాన్స్ చెడకుండా, కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడకుండా జరగడం. వినడానికి ఇంతే, చేయించి చూడండి. మా దగ్గర మొదటి లెవెల్ పరీక్ష పిల్లిమొగ్గ కాదు. సాటి పిల్లాడు సగం బలంతో 30 సెకన్లు నెడుతుంటే గీత దాటకుండా, తల దించకుండా నిలబడాలి. అసలు బౌట్‌లో కాలు గీత దాటితే అవతలివాడికి పాయింట్ వస్తుంది కదా, అందుకని అది మొదటి రోజు నుంచే ఒంట్లోకి ఎక్కిస్తాం.

రెండో లెవెల్లో కాళ్లపట్లు. డబుల్ లెగ్, సింగిల్ లెగ్, కాళ్లు వెనక్కి విసిరి మీద బరువేసి వాటిని ఆపే స్ప్రాల్, అవతలివాడి వెనక్కి చేరి పట్టుకోవడం. ఇక్కడ తల దించి దూకేవాడు మెడ మీద పడతాడు. మొదటి లెవెల్ తొందరగా దాటించిన పాపం రెండో లెవెల్లో బయటపడుతుంది.

మూడోది నేల మీద పని. దీన్ని తల్లిదండ్రులెవరూ పట్టించుకోరు, ఎందుకంటే చూడ్డానికి బాగుండదు. కానీ లెక్క చూడండి. కాళ్లు కూడా పట్టుకోనిచ్చే ఫ్రీస్టైల్‌లో పడగొడితే 2 పాయింట్లు. పడ్డవాడి నడుము చుట్టూ చేతులేసి పక్కకి దొర్లిస్తే ప్రతి దొర్లింపుకీ ఇంకో 2. నాలుగుసార్లు దొర్లిస్తే 8. మొత్తం 10, తేడా పదికి చేరితే బౌట్ అక్కడికక్కడే అయిపోతుంది. నేల మీద కాపాడుకోవడం రాని పిల్లాడు నిమిషంలోపు ఓడి, ఏం జరిగిందో తెలియక ఏడుస్తూ బయటికి వస్తాడు. అలా ఏడ్చినవాళ్లలో సగం మంది మళ్లీ రారు.

నాలుగోది ఎత్తి విసరడాలు. భుజం మీదుగా విసిరే ధోబీపాట్, భుజాల మీదకి ఎత్తి పడేసే కలాజంగ్, వెనక్కి వంగి విసిరే సాల్తో. నాలుగు, ఐదు పాయింట్లు వచ్చేవి అక్కడే. యూట్యూబ్‌లో పిల్లలు చూసేది కూడా అదొక్కటే.

గోబీచెవి
అంతా ఒప్పుకుంటా, ఒక్కటి తప్ప. ఒకటి పూర్తయ్యాకే రెండు అంటే తొమ్మిదేళ్ల పిల్లాడు విసిగిపోతాడు. వాడు వచ్చింది కుస్తీ పట్టడానికి. ఐదు నెలలు పట్టనివ్వకపోతే మట్టిలో అయినా మ్యాట్ మీద అయినా మనసు నిలవదు.

బాన్సువాడ_నాన్న
గోబీచెవి గారు చెప్పిందే నా బాధ కూడా. మావాడు మొన్న "నాన్నా, క్రికెట్‌కి పోతా" అన్నాడు.

మ్యాట్_మాస్టర్
గోబీచెవి అన్నదాంట్లో నిజముంది, దానికి నేనే సాక్షి. మొదటి రెండేళ్లు నేను చార్ట్‌ని రాజ్యాంగంలాగా పట్టుకున్నాను. ఒక్క ఏడాదిలో పద్నాలుగు మంది మానేశారు. వాళ్లలో నేను చూసిన పిల్లలందరిలోకీ చురుకైనవాడు ఒకడున్నాడు. వాళ్ల అమ్మ వచ్చి "మీ దగ్గర వీడికి అన్నీ ఉన్నాయి సార్, ఆటే లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత మార్చాను. ఇప్పుడు ఏ లెవెల్ పిల్లాడైనా సరే, ప్రతి క్లాసు చివరి పది నిమిషాలు ఎదుటివాడితో తలపడతాడు. మొదటి లెవెల్ వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని కుస్తీ పడతారు, ఎత్తు ఉండదు కాబట్టి దెబ్బ ఉండదు. లేదంటే నడుముకి గుడ్డ దోపి, అవతలివాడి గుడ్డ ఎవరు లాగితే వాడు గెలిచినట్టు. లేదంటే గీత బయటికి నెట్టే ఆట. పిల్లాడికి అది కుస్తీయే. నాకు అది స్టాన్స్ ప్రాక్టీసు. బాన్సువాడ సార్, మీ క్లబ్బులో అది ఉందా?

బాన్సువాడ_నాన్న
లేదు. గంట సేపు డ్రిల్, తర్వాత "జై బజరంగబలి", ఇంటికి.

మ్యాట్_మాస్టర్
అయితే అడగాల్సింది "రెండో లెవెల్ ఎప్పుడు" అని కాదు, "చివరి పది నిమిషాలు ఆడించండి" అని. చార్ట్ జోలికి వెళ్లకండి.

కొబ్బరికాయ_ఛాంపియన్
అందరూ మ్యాట్ గురించే మాట్లాడుతున్నారు. మా వైపు జాతర కుస్తీలు చూడండి. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ముందు దింపేది పిల్లల్నే. గెలిస్తే కొబ్బరికాయ. తర్వాత కాస్త పెద్దవాళ్లు, కాస్త డబ్బు. చీకటి పడే వేళకి పేరున్న పహిల్వాన్లు దిగుతారు, చివరి కుస్తీకి వెండి కడియం. కొబ్బరికాయ నుంచి కడియం దాకా, ఇంతకంటే మంచి లెవెళ్లు ఎవరు పెట్టారు? నాకు ఎనిమిదో ఏట మొదటి కొబ్బరికాయ వచ్చింది. ఇంటికి తీసుకెళ్తే అమ్మ కొట్టలేదు, దేవుడి గూట్లో పెట్టింది. కుళ్లిపోయేదాకా ఉంచింది.

పాలకొల్లు_పోరడు
అమ్మ కొట్టలేదు అంటే మిమ్మల్నా, కొబ్బరికాయనా?

కొబ్బరికాయ_ఛాంపియన్
రెండూ.

తాలీం_కాకా
కొబ్బరికాయ తమ్ముడు అసలు సంగతి చెప్పలేదు. జాతరలో పెద్దమనుషులు జోడీ కుదురుస్తారు. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి, భుజాలు తడిమి, పిక్కలు చూసి, "ఈడూ జోడూ సరే" అంటేనే డప్పు కొడతారు. జోడీ కుదరకపోతే జనమే ఒప్పుకోరు. బక్కోడిని బలిసినోడి మీదకి తోస్తే తిడతారు. గెలుపు ఓటముల కంటే ముందు అది చూసేవాళ్లు. మీ క్లబ్బుల్లో ఆ చూపు ఉందా అని నా ప్రశ్న.

ఇద్దరమ్మాయిల_తల్లి
కాకా గారి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది, చేదు జవాబు. మా పెద్దమ్మాయికి పద్నాలుగు, చిన్నదానికి పదకొండు. క్లబ్బులో ముప్పై మంది పిల్లలుంటే ఆడపిల్లలు నలుగురే. మొదటి క్లబ్బులో పెద్దదాన్ని తనకంటే తొమ్మిది కిలోలు ఎక్కువున్న అబ్బాయితో పెట్టారు. "టఫ్ అవుతుంది మేడమ్" అన్నారు. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు స్లింగ్, నాలుగు నెలలు భయం. క్లబ్బు పేరు చెప్పను.

ఇప్పుడున్న చోట లెవెళ్లు ఉన్నాయి, దాంతో మాకు మేలే జరిగింది. మా చిన్నది పదకొండేళ్లకే రెండో లెవెల్, పెద్దది నాలుగు నెలల గ్యాప్ వల్ల మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నేర్పేటప్పుడు లెవెల్ చూస్తారు. తలపడేటప్పుడు బరువు చూస్తారు. రెండూ వేరు. ఇది చాలా క్లబ్బులకి అర్థం కాలేదు.

గోబీచెవి
అక్కా, పెద్దపాప చెల్లెలి కంటే కింది లెవెల్లో ఉండటం ఎలా తీసుకుంది?

ఇద్దరమ్మాయిల_తల్లి
వారం రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. తర్వాత ఇంట్లో పరుపు మీద చిన్నదాని దగ్గరే స్ప్రాల్ నేర్చుకుంది. ఫ్యాను కింద పరుపు వేసుకోవద్దని మాత్రం ఎంత చెప్పినా వినరు.

మ్యాట్_మాస్టర్
అక్క చెప్పిన మాట నిజం. మా దగ్గర ప్రాక్టీసు జోడీల్లో బరువు తేడా పదో వంతు దాటనివ్వం. 30 కిలోల పిల్లాడికి 33 దాకా. డ్రిల్ అయితే తేడా ఉన్నా ఫర్వాలేదు, అవతలివాడు ఎదిరించడు కదా.

డాలస్_డాడీ
ఇక్కడ అమెరికాలో సంగతి చెప్తాను, ఎక్కువ తొందరపడితే ఏమవుతుందో అర్థమవుతుంది. మా అబ్బాయిని ఏడేళ్లకి చేర్చాను. ఇక్కడ చలికాలమంతా ఫోక్‌స్టైల్, అది స్కూళ్లలో ఆడేది, పట్టుకుని అదిమి ఉంచడం మీద ఎక్కువ. ఎండలు మొదలయ్యాక ఫ్రీస్టైల్, నడుము పైనే పట్టే గ్రీకో. మొదట నేర్పేవి ఏడు ప్రాథమిక నైపుణ్యాలు: స్టాన్స్, కదలిక, ఎత్తు మార్చడం, చొచ్చుకుపోయే అడుగు, ఎత్తడం, వెనకడుగు, వెనక్కి వంగడం. మాస్టర్ గారి నాలుగు లెవెళ్లలో ఇవన్నీ ఉన్నాయి, సర్దింది వేరుగా, అంతే.

సమస్య నైపుణ్యాలతో రాలేదు. ప్రతి శనివారం టోర్నమెంటే. నేనే కారు వేసుకుని మూడు గంటలు నడిపేవాణ్ని. తొమ్మిదేళ్లకే మావాడు 60 బౌట్లు ఆడాడు, ఓ అల్మరా నిండా మెడల్స్. అన్నిట్లో గెలిచింది ఒకే ఒక్క పట్టుతో, తల పట్టుకుని తిప్పి పడేయడం. ఆ వయసులో అది ఎవరి మీదైనా పనిచేస్తుంది. పన్నెండొచ్చేసరికి అవతలి పిల్లలకి దాని విరుగుడు తెలిసిపోయింది. వరసగా ఓడాడు. వాడి దగ్గర రెండో పట్టు లేదు. ఇప్పుడు షూస్ గరాజ్‌లో ఉన్నాయి, వాడు ట్రంపెట్ వాయిస్తున్నాడు.

పాలకొల్లు_పోరడు
ట్రంపెట్‌లో ఏ లెవెల్?

డాలస్_డాడీ
పక్కింటివాళ్లు ఇంకా ఫిర్యాదు చేసే లెవెల్.

గోబీచెవి
డాలస్ అన్నా, తలపట్టు కథ మాది కూడా. జాతరలో ఐదేళ్లు తలపట్టుతోనే గెలిచి, జిల్లా పోటీలకి వెళ్తే మొదటి రౌండ్‌లో కాళ్లు పోయాయి. కింద చూస్తే కాళ్లు లేవు, పైన చూస్తే ట్యూబ్‌లైట్లు. చిత్తు.

తాలీం_కాకా
మట్టిలో కాళ్లు అంత తేలిగ్గా దొరకవు బిడ్డా, అందుకే మనోళ్లకి నడుం పైన పని ఎక్కువ. మ్యాట్ మీద వేగం వేరు. ఇది మాత్రం నేను ఒప్పుకుంటా. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పహిల్వాన్ జాధవ్ కూడా మట్టి మీద నుంచి వచ్చినవాడే, కానీ అతనూ మ్యాట్‌కి అలవాటు పడాల్సి వచ్చింది.

ఎముకల_అక్క
ఫిజియోని. మాస్టర్ గారు మోచెయ్యి సంగతి చెప్పారు, దానికి రెండు మాటలు కలుపుతా. చేయి చాచి పడినప్పుడు మోచెయ్యికి కాస్త పైన ఎముక విరగడం పదేళ్లలోపు పిల్లల్లో బాగా కనిపించే దెబ్బ. పడటం నేర్పడానికి ఐదు నెలలు పెట్టిన కోచ్‌ని నేనైతే ఇంటికి పిలిచి భోజనం పెడతా.

రెండోది, మెడ బ్రిడ్జ్, అంటే తల, పాదాలు నేలకి ఆనించి నడుము పైకి లేపడం. కొన్ని క్లబ్బుల్లో ఎనిమిదేళ్ల పిల్లల్ని తల మీద బ్రిడ్జ్ వేయించి పొట్ట మీద ఇంకో పిల్లాణ్ని కూర్చోబెడుతున్నారు. దయచేసి వద్దు. చేతుల సాయంతో, తన బరువు మాత్రమే, కొద్ది సెకన్లు.

మూడోది, తామర. మ్యాట్ రోజూ తుడవాలి, గోళ్లు కత్తిరించాలి, ప్రాక్టీసు అవగానే స్నానం. మచ్చ కనిపిస్తే మానేదాకా మ్యాట్ ఎక్కించకండి. ఒక్కడికి వస్తే పది రోజుల్లో క్లబ్బు మొత్తానికి.

బోధన్_బుల్లెట్
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మావాడికి పద్నాలుగు, అండర్-15 సెలెక్షన్స్ ఉన్నాయి. 40.5 కిలోలు. 38 కిలోల విభాగంలో ఆడిస్తే మెడల్ గ్యారంటీ అంటున్నారు. పది రోజుల్లో రెండున్నర కిలోలు తగ్గించడానికి ఏం పెట్టాలి?

ఎముకల_అక్క
అన్నం పెట్టండి.

గోబీచెవి
38 తర్వాత 41 ఉంది కదా అన్నా. మీవాడు ఇప్పుడే 41లో సరిపోతున్నాడు, దేవుడిచ్చిన బరువు.

బోధన్_బుల్లెట్
పెద్ద పహిల్వాన్లు తగ్గించుకోరా? పారిస్ ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ రాత్రికి రాత్రి 4.6 కిలోలు తగ్గించి 57లో కాంస్యం తెచ్చాడు.

మ్యాట్_మాస్టర్
అదే పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకుంది కూడా గుర్తుంచుకోండి. వాళ్లు ఎదిగినవాళ్లు, వాళ్ల వెనక డాక్టర్లున్నారు. మీవాడు ఇంకా పొడుగెదుగుతున్నాడు. వచ్చే ఏడాది ఎలాగూ 44కో 48కో వెళ్తాడు. ఆ పది రోజులు కడుపు మాడ్చే బదులు స్ప్రాల్ మీద పెట్టండి. అండర్-15లో రెండు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు, నీళ్లు తాగని పిల్లాడికి రెండో రౌండ్‌లో కాళ్లు కదలవు.

ఇద్దరమ్మాయిల_తల్లి
బుల్లెట్ గారూ, మీవాడు ఏ లెవెల్?

బోధన్_బుల్లెట్
మా క్లబ్బులో లెవెళ్లు లేవు మేడమ్. బరువు ఒక్కటే చూస్తారు.

ఇద్దరమ్మాయిల_తల్లి
అందుకే బరువు గురించే ఆలోచిస్తున్నారు.

బోధన్_బుల్లెట్
సరే. 41లో వేస్తాను. మెడల్ రాకపోతే అందరూ తలా ఒక కొబ్బరికాయ పంపాలి.

కొబ్బరికాయ_ఛాంపియన్
నాది రెడీ.

బాన్సువాడ_నాన్న
మూడు వారాల తర్వాత వస్తున్నాను. కోచ్‌తో మాట్లాడాను. చార్ట్ ఊసెత్తలేదు, "చివర్లో కాసేపు తలపడనిస్తారా" అని అడిగాను. మొదట ముఖం మాడ్చుకున్నాడు. "ఒక్క మ్యాట్, ఇరవై ఆరు మంది పిల్లలు, నేనొక్కణ్నే సార్" అన్నాడు. నిజమే, అది నేను ఆలోచించలేదు. నేను, ఇంకో ఇద్దరు నాన్నలం చివరి పదిహేను నిమిషాలు వెళ్లి నిలబడుతున్నాం. మోకాళ్ల కుస్తీ, గుడ్డ లాగే ఆట. జోడీలు ఆయనే కుదురుస్తాడు, మేం విజిల్ ఊదుతాం.

మావాడు నిన్న మొదటి లెవెల్ పరీక్ష రాశాడు. రాశాడు అంటున్నాను గానీ నిలబడ్డాడు. 22 సెకన్లకి గీత దాటాడు. ఫెయిల్.

మ్యాట్_మాస్టర్
ఏడ్చాడా?

బాన్సువాడ_నాన్న
లేదు. రాత్రి తొమ్మిదింటికి నన్ను హాల్లో నిలబెట్టి "నెట్టు నాన్నా, 30 దాకా లెక్కపెట్టు" అన్నాడు. నేను 84 కిలోలు, వాడు 27. జోడీ కుదరలేదని కాకా తిడతారేమో.

తాలీం_కాకా
మోకాళ్ల మీద కూర్చుని నెట్టు. సరిపోతుంది.